గంటల లెక్క వేరు, ఎదుగుదల లెక్క వేరు

దేశం ముందుకు పోవాలంటే కుర్రకారు వారానికి 70 గంటలు పని చేయాలని ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకుడు నారాయణమూర్తి 2023 అక్టోబరులో ఒక పాడ్‌కాస్ట్‌లో అన్నారు. 2025 జనవరికి ఎల్ అండ్ టీ చైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ ఆ అంకెను 90 చేశారు. ఆదివారం ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపని చూస్తారని కూడా అడిగారు. ఈ రెండు మాటల నడుమ, 2024 జులైలో, అకౌంటింగ్ సంస్థ ఈవై పుణే కార్యాలయంలో చేరి నాలుగు నెలలు నిండిన ఒక 26 ఏళ్ల చార్టర్డ్ అకౌంటెంట్ చనిపోయింది. పనిభారమే నా కూతుర్ని పొట్టన పెట్టుకుందంటూ తల్లి రాసిన ఉత్తరం సెప్టెంబరులో బయటికి వచ్చింది. పని ఒత్తిడి వల్లే ప్రాణం పోయిందంటే తాము నమ్మబోమని సంస్థ అంది. ఆ తర్వాత మహారాష్ట్ర కార్మిక శాఖ ఆ కార్యాలయానికి తనిఖీకి వెళితే, 2007 నుంచి షాపుల చట్టం కింద రిజిస్ట్రేషనే లేదని తేలింది.

అప్పటి నుంచి పారిశ్రామికవేత్తలు, కార్మిక సంఘాలు, డాక్టర్లు, ఆర్థికవేత్తలు ఎవరికి తోచింది వారు చెబుతూనే ఉన్నారు. వాదన మాత్రం ముందుకు కదల్లేదు. మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకటే అనుకుని వాదించడం ఇందుకు కారణమనిపిస్తుంది. ఒళ్లు ఎన్ని గంటల వరకు ఓర్చుకుంటుందన్నది ఒక ప్రశ్న. ఏ గంట దాటాక పని ఫలితం పెరగడం ఆగిపోతుందన్నది రెండోది. పొద్దుపోయేదాకా సీట్లో కనిపించే ఉద్యోగికి నిజంగానే ప్రమోషన్ ముందొస్తుందా అన్నది మూడోది. మొదటి రెండింటికీ జవాబులు చాలావరకు దొరికాయి. పాతికేళ్ల ఉద్యోగిని రాత్రి పదింటిదాకా ఆఫీసులో కూర్చోబెడుతున్నది మాత్రం మూడో ప్రశ్న. దాని గురించి జరిగిన చర్చే అన్నిటికంటే తక్కువ.

ఎనిమిది గంటల వెనుక

ఎనిమిది గంటల పనిదినం మన దేశానికి ఒక్కసారిగా రాలేదు. 1862లోనే హౌరా రైల్వే కార్మికులు ఎనిమిది గంటల పని కోసం సమ్మె చేశారు. మొదటి ఫ్యాక్టరీ చట్టం 1881లో వచ్చినా అది పిల్లల పనివేళలకే పరిమితం. పెద్దవాళ్ల పనికి వారానికి 60 గంటల హద్దు పడేసరికి 1922 వచ్చింది. 1923లో మద్రాసులో కార్మిక నాయకుడు సింగారవేలు దేశంలో తొలి మేడే జరిపారు. 1934 చట్టం ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీల్లో వారపు గంటలను 54కు దించింది. వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా అంబేద్కర్ ఉన్న కాలంలో, 1942 నవంబరులో జరిగిన కార్మిక సదస్సులో 48 గంటల ప్రతిపాదన ముందుకొచ్చింది. 1946లో చట్టమైంది. 1948 ఫ్యాక్టరీల చట్టం దాన్ని స్థిరపరిచింది. పద్నాలుగు గంటల పనిని అంబేద్కర్ ఒక్క కలంపోటుతో ఎనిమిది చేశారని వాట్సాప్‌లో తిరిగే కథ చరిత్రను కుదించేస్తుంది. చివరి, కీలకమైన మెట్టు ఆయన హయాంలోదే. దానికి ముందున్న మెట్లన్నీ ఎనభై ఏళ్ల సమ్మెలవి.

ఈ చట్టాలన్నీ సైరన్ మోగితే లోపలికి, మోగితే బయటికి వెళ్లే ఫ్యాక్టరీ పనిని చూసి రాసినవి. లాప్‌టాప్‌తోపాటు ఇంటికొచ్చే పనిని, రాత్రి తొమ్మిదింటికి అమెరికా క్లయింట్‌తో మొదలయ్యే కాల్‌ని కొలిచే సాధనం వాటిలో లేదు.

చట్టం ఇప్పుడు ఎటు నడుస్తోంది

2023 ఏప్రిల్‌లో తమిళనాడు పన్నెండు గంటల పనికి వీలిచ్చే బిల్లును ఆమోదించి, నిరసనలు రేగడంతో మేడే నాడే వెనక్కి తీసుకుంది. కర్ణాటకలో ఐటీ ఉద్యోగులకు పద్నాలుగు గంటల దాకా వీలిచ్చే ప్రతిపాదన 2024లో బయటపడి, ఉద్యోగ సంఘాల ప్రతిఘటనతో ఆగింది. తెలుగు రాష్ట్రాలు 2025లో ఇదే దారిలో చిన్న అడుగులు వేశాయి. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం జూన్‌లో రోజువారీ గరిష్ఠ పరిమితిని పది గంటలకు పెంచింది. మూడు నెలలకు 75 గంటలున్న ఓవర్‌టైమ్ హద్దును 144కు చేర్చింది. తెలంగాణ జులైలో షాపులను మినహాయించి వాణిజ్య సంస్థలకు రోజుకు పది గంటలు అనుమతించింది. వారానికి 48 మాత్రం రెండు చోట్లా అలాగే ఉంది. పెట్టుబడులు రావాలంటే సడలింపు తప్పదని ప్రభుత్వాలు అంటున్నాయి. పది గంటల షిఫ్టు ముందు కాగితం మీదికి వస్తుంది, ఓవర్‌టైమ్ డబ్బులు మాత్రం కాగితం మీదే ఉండిపోతాయని సంఘాల వాదం.

ఈ గొడవంతా హైటెక్ సిటీలోని ఉద్యోగికి దూరపు వార్తలా వినిపించడానికి కారణం ఉంది. రెండు రాష్ట్రాలకూ మూలమైన 1988 నాటి షాపులు, వాణిజ్య సంస్థల చట్టంలో పనివేళలకు, సెలవులకు సంబంధించిన కొన్ని సెక్షన్ల నుంచి ఐటీ సంస్థలకు ఎన్నో ఏళ్లుగా మినహాయింపు నడుస్తోంది. షరతులతో ఇచ్చి, గడువు ముగిసినప్పుడల్లా పొడిగించే ఏర్పాటిది. అంటే, తెలుగు యువత ఎక్కువగా కలలుగనే ఉద్యోగమే పనిగంటల చట్టం సరిగా అంటని ఉద్యోగం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లు ఎనిమిది గంటల పనిదినాన్ని, రెట్టింపు ఓవర్‌టైమ్‌ను చెబుతున్నాయి. అయితే మేనేజరు హోదాలో ఉన్నవారు, నెలకు 18 వేలకు పైన జీతంతో సూపర్‌వైజరీ పని చేసేవారు ‘కార్మికుడు’ అన్న నిర్వచనంలోకి రారు. రెండేళ్ల అనుభవానికే పేరు పక్కన ‘లీడ్’ అని చేరే పరిశ్రమలో ఈ గీత ఎక్కడ పడుతుందన్నది చిన్న విషయం కాదు.

ఎక్కువ గంటలు కావాలనే పక్షం

ఈ పక్షాన్ని ఎగతాళి చేసి వదిలేయడం తేలిక. దాని బలమైన రూపాన్ని తీసుకుని తూచడమే న్యాయం. వాళ్లు చెప్పేది రెండు మాటలు. వెనకబడిన దేశం ముందున్నవాళ్లను అందుకోవాలంటే ఒక తరం ఒళ్లు వంచాల్సిందే, యుద్ధం తర్వాత జర్మనీ, జపాన్ అదే చేశాయన్నది మొదటిది. ఇరవైల్లో నేర్చుకున్న పని మీదే మిగతా ముప్పయ్యేళ్ల ఉద్యోగం నిలబడుతుంది, అప్పుడు పెట్టిన గంటలకు వడ్డీ మీద వడ్డీ వస్తుందన్నది రెండోది.

మొదటి మాట చరిత్ర ముందు పూర్తిగా నిలవదు. జర్మనీ పుంజుకున్నది నిజం, అక్కడి కార్మికులు చెమటోడ్చిందీ నిజం. కానీ ఆ ఆర్థిక అద్భుతం నడుస్తుండగానే, 1956లో, అక్కడి కార్మిక సంఘాల సమాఖ్య శనివారం నాన్న ఇంట్లోనే ఉండాలన్న నినాదంతో ఐదు రోజుల వారం కోసం ఉద్యమించింది. 1967కల్లా ప్రింటింగ్, లోహ పరిశ్రమల్లో 40 గంటల వారం వచ్చేసింది. ఆర్థిక వృద్ధి, పనిగంటల తగ్గుదల అక్కడ కలిసే నడిచాయి. జపాన్ ఎక్కువ గంటల దారినే పట్టింది. పని ఎక్కువై చనిపోవడాన్ని సూచించే ‘కరోషి’ అనే మాటను ప్రపంచానికి ఇచ్చింది. 2018లో చట్టం చేసి ఓవర్‌టైమ్‌కు నెలకు 45 గంటలు, ఏడాదికి 360 గంటల హద్దు పెట్టుకుంది.

రెండో మాటకు బలం ఎక్కువ. పనిని చేస్తూనే నేర్చుకోవాల్సిన వృత్తులు నిజంగా ఉన్నాయి. వాటిలో మొదటిది వైద్యం. మన జూనియర్ డాక్టర్లకు 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ నిబంధనల ప్రకారం వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలు మించకూడదు. ఆ నిబంధన ఏ ఆస్పత్రిలో అమలవుతోందో వాళ్లనే అడగాలి. వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో వారానికి 74 గంటలు మించవద్దని సిఫారసు చేసింది. అదే ఊరట అనుకునే స్థితి ఉందన్నమాట. గంటలు తగ్గితే నైపుణ్యం తగ్గుతుందా అన్నదానికి అమెరికాలో ఒక ఆధారం దొరికింది. అక్కడ 2003లో శిక్షణలో ఉన్న రెసిడెంట్ డాక్టర్లకు వారానికి 80 గంటల గరిష్ఠ పరిమితి పెట్టారు. ఆ పరిమితికి ముందు శిక్షణ పొందిన డాక్టర్లనూ తర్వాతి వాళ్లనూ పోల్చిన 2019 నాటి అధ్యయనంలో, రోగుల మరణాల్లో గానీ ఆస్పత్రికి తిరిగి రావాల్సి రావడంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎనభై కూడా తక్కువేం కాదు కాబట్టి దీన్ని మరీ దూరం లాగకూడదు. కానీ అంతులేని గంటలే నేర్పుకు మూలమన్న నమ్మకానికి ఇది గట్టి దెబ్బే.

ఈ పక్షాన్ని లోపలి నుంచే ప్రశ్నించినవారూ ఉన్నారు. పని నాణ్యత చూడాలి గానీ గంటలు కాదని పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రా అన్నారు. సొంత కంపెనీలో వాటా ఉన్న వ్యవస్థాపకులు ఎన్ని గంటలైనా చేసుకోవచ్చు, జీతగాళ్ల నుంచి అంత ఆశించడం తగదని వ్యాపారవేత్త నమితా థాపర్ అన్నారు. ఎల్ అండ్ టీ చైర్మన్‌కు 2023-24లో అందిన సుమారు 51 కోట్ల ప్రతిఫలం ఆ సంస్థ మధ్యస్థ ఉద్యోగి జీతానికి 534 రెట్లు. ఆ అంకె వార్తల్లోకి వచ్చాక 90 గంటల మాట వినిపించే తీరే మారిపోయింది. నారాయణమూర్తి కూడా 2025 జనవరిలో కొంత తగ్గి, ఇది ఒకరు రుద్దేది కాదు, ఎవరికి వారు ఆలోచించుకోవాల్సిందని సర్దిచెప్పారు. అదే ఏడాది మధ్యలో ఇన్ఫోసిస్, ఇంటి నుంచి పని చేస్తూ రోజుకు 9 గంటల 15 నిమిషాలు దాటుతున్న ఉద్యోగులకు హెచ్చరిక మెయిళ్లు పంపుతోందని పత్రికలు రాశాయి.

ఒంటి లెక్క, పని లెక్క

ఆరోగ్యం విషయంలో ఆధారాలు గట్టివి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి వేసిన అంచనా ప్రకారం, వారానికి 35-40 గంటలు పని చేసేవారితో పోలిస్తే 55 గంటలు, ఆ పైన చేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెకు రక్తం అందక చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలోనే ఇలా పోయిన ప్రాణాలు 7.45 లక్షలు. కేంద్రం 2024-25 ఆర్థిక సర్వేలో ఈ హెచ్చరికను ప్రస్తావించింది. రోజుకు 12 గంటలకు పైగా డెస్కుకు అతుక్కుపోయేవారి మానసిక స్థితి దెబ్బతింటోందని కూడా రాసింది. ఆ తర్వాత కొద్ది నెలలకే రాష్ట్రాలు పనిగంటలు పెంచుకుంటూ పోయాయి.

ఫలితం విషయానికొస్తే, ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ మొదటి ప్రపంచ యుద్ధ కాలపు బ్రిటిష్ మందుగుండు ఫ్యాక్టరీల రికార్డులను తిరగేసి 2014లో ఒక పరిశోధన వెలువరించారు. వారానికి దాదాపు 49 గంటల వరకు గంటలు పెరిగిన కొద్దీ ఉత్పత్తి అదే పాళ్లలో పెరిగింది. ఆ పైన ఆ పెరుగుదల మందగించింది. 70 గంటలు చేసినవారి ఉత్పత్తికీ 56 గంటలు చేసినవారి ఉత్పత్తికీ పెద్ద తేడా లేదు. అంటే చివరి పద్నాలుగు గంటలూ దాదాపు వృథా. అది తుపాకీ గుండ్ల లెక్క కదా, సాఫ్ట్‌వేర్‌కు ఎలా వర్తిస్తుందని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే రాత్రి రెండింటికి రాసిన కోడ్‌ను మర్నాడు సరిదిద్దుకునేవాళ్లకు ఆ సందేహం అంతగా ఉండదు.

ఇక కుర్రాళ్లు బద్ధకస్తులన్న ఆరోపణ. 2024 నాటికి అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కల్లో మన శ్రామికుల్లో సగానికి పైగా, 51 శాతం, వారానికి 49 గంటలు, ఆ పైన పని చేస్తున్నారు. అప్పటికి మనకంటే పైన భూటాన్ ఒక్కటే ఉంది. 2022 నాటి సంగతి ఇంకా చిత్రం. జీతానికి తగ్గ పని తప్ప గీటు దాటి చేయరని ఈ తరాన్ని తిట్టిన ఏడాదీ అదే, ఒక ఉద్యోగం చేస్తూ దొంగచాటుగా రెండోది చేస్తున్నారని విప్రో 300 మందిని తొలగించిన ఏడాదీ అదే. ఒకే తరం ఒకేసారి సోమరీ, రెండు కొలువుల శ్రామికుడూ కాలేదు. రెంటికీ మూలం ఒక్కటే అయ్యుండాలి: మొదటి ఉద్యోగంలో పెట్టే అదనపు గంటకు అక్కడ అదనపు ఫలం కనిపించకపోవడం.

అసలు ముడి: ప్రమోషన్

మూడో ఆలోచనాధారకు, అంటే పోటీ సిద్ధాంతానికి, మన చర్చల్లో చోటు తక్కువ. మేనేజరుకు కింది ఉద్యోగి నేర్పు నేరుగా కనిపించదు. కనిపించేవి గంటలు. అందుకే గంటలే నిబద్ధతకు గుర్తుగా మారతాయి. 1996లో లాండర్స్, రెబిట్జర్, టేలర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు అమెరికా న్యాయవాద సంస్థల్లో దీన్ని పరిశీలించారు. అందరి గంటలూ ఒకేసారి తగ్గితే తమవీ తగ్గాలనే అక్కడి జూనియర్లు కోరుకున్నారు. ఒంటరిగా తగ్గించుకోవడానికి మాత్రం ఎవరూ సాహసించలేదు, పోటీలో వెనకబడతామని. సినిమా హాల్లో ముందు వరుస లేచి నిలబడితే వెనకాల అందరూ లేవాల్సిందే. సినిమా ఎవరికీ మునుపటికంటే బాగా కనపడదు, కాళ్లు మాత్రం అందరివీ లాగుతాయి.

ఎరిన్ రీడ్ అనే పరిశోధకురాలు 2015లో ఒక కన్సల్టింగ్ సంస్థను పరిశీలించి ఇంకో పొర విప్పారు. కొందరు మగవాళ్లు నోరు మెదపకుండా పని తగ్గించుకుని, దగ్గర్లోని క్లయింట్లను ఎంచుకుని, పైకి మాత్రం ఎనభై గంటల వీరుల్లా కనిపించారు. వాళ్లకూ నిజంగా ఎనభై గంటలు పని చేసేవాళ్లకూ పైవాళ్ల దృష్టిలో తేడా లేదు, మంచి రేటింగులే వచ్చాయి. గంటలు తగ్గించమని అధికారికంగా అడిగినవాళ్లు మాత్రం దెబ్బతిన్నారు. అలా అడగడం మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. అంటే శిక్ష పడింది తక్కువ పనికి కాదు, నోరు తెరిచి అడిగినందుకు.

‘సమతూకం ఎవరికి వారు చేసుకునే ఎంపిక’ అన్న మాట ఇక్కడే తడబడుతుంది. ప్రాణాయామం చేయండి, ఫోన్ పక్కన పెట్టండి, ‘నో’ చెప్పడం నేర్చుకోండి అనే సలహాలన్నీ ఒక్కడినే వరుసలో కూర్చోమంటాయి. కూర్చున్నవాడికి తెర కనపడదు.

ఇంటి నుంచి పని ఈ ముడిని విప్పుతుందని కరోనా తర్వాత చాలామంది ఆశపడ్డారు. ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం ఒక చైనా ట్రావెల్ కంపెనీలో చేసిన మొదటి ప్రయోగంలో ఇంటి నుంచి పని చేసినవాళ్ల ఫలితం 13 శాతం పెరిగింది. కానీ అంతే పనితీరు చూపిన ఆఫీసువాళ్లతో పోలిస్తే వాళ్లకు ప్రమోషన్లు తక్కువ పడ్డాయి. అదే సంస్థలో 1,612 మందితో చేసి 2024లో ప్రచురించిన రెండో ప్రయోగంలో, వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేసినా పనితీరులో గానీ ప్రమోషన్లలో గానీ తేడా రాలేదు. ఉద్యోగం వదిలి వెళ్లేవారు మూడో వంతు తగ్గారు. మరోవైపు, ఒక పెద్ద అమెరికా కంపెనీ ప్రోగ్రామర్లపై ఇమాన్యుయెల్, హారింగ్టన్, పాలయిస్ చేసిన అధ్యయనం కొత్తవాళ్లకు కాస్త చేదు నిజం చెప్పింది. బృందమంతా ఒకచోట కూర్చున్నప్పుడు జూనియర్ల కోడ్‌పై సీనియర్ల సలహాలు పెరిగాయి, సీనియర్ల సొంత పని తగ్గింది. కొత్తవాడి చదువుకు ఖర్చు పెట్టేది సీనియర్ సమయమన్నమాట. కాబట్టి అందరూ ఆఫీసుకు రావాలన్న పట్టు పూర్తిగా పెత్తనం కాదు, ఇంటి నుంచి పని పూర్తిగా విముక్తీ కాదు. అయితే టీసీఎస్ 2024లో చేసినట్టు వేరియబుల్ పేను హాజరు శాతంతో ముడిపెడితే, పక్కన కూర్చుని నేర్పే సీనియర్ ఉన్నాడో లేడో ఎవరూ చూడరు. కార్డు గీకారా లేదా అన్నదే చూస్తారు.

ఆడవాళ్ల గంటలు

2023లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త క్లాడియా గోల్డిన్ సిద్ధాంతం ఇక్కడ చాలా దూరం వెలుగిస్తుంది. కొన్ని కొలువులు అత్యాశ కొలువులు. వారానికి 40 గంటలు చేసేవారి కంటే 60 గంటలు, అదీ ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలుకుతూ చేసేవారికి ఒకటిన్నర రెట్లు కాదు, అంతకు మించి జీతం దక్కుతుంది. భార్యాభర్తలిద్దరూ సమానంగా చదువుకున్నా, ఇద్దరూ ఆ కొలువు చేస్తే బిడ్డను చూసేవారుండరు. ఒకరు వెనక్కి తగ్గుతారు. ఎవరు తగ్గుతారో చెప్పనక్కర్లేదు.

మన దగ్గర ఆ తగ్గుదల ఇంకా లోతు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి చాకిరీలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు గడుపుతుంటే, ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలతో సరిపెడుతున్నారు. 70 గంటల వారం అనేది ఇంట్లో అన్నం వండి, బట్టలు ఉతికి, పిల్లల్ని బడికి పంపే మనిషి ఇంకొకరున్నారన్న లెక్క మీద నిలబడిన అంకె. ఆ ఇంకొకరు కూడా గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తుంటే అంకె కూలిపోతుంది, లేదా ఊరి నుంచి అత్తగారో అమ్మో సంచి సర్దుకుని రావాల్సి వస్తుంది. హైదరాబాద్ ఐటీ కారిడార్ ఫ్లాట్లలో నడుస్తున్నది చాలావరకు ఈ రెండో పద్ధతి. ఆ అమ్మమ్మల గంటలు ఏ ఉత్పాదకత పట్టికలోకీ ఎక్కవు.

తెలుగు యువత దగ్గరికొస్తే

గంటలతో నిబద్ధతను కొలిచే అలవాటు మన పిల్లలకు కంపెనీ నేర్పింది కాదు. పదహారేళ్లకే కార్పొరేట్ కాలేజీ హాస్టల్ నేర్పింది. తెల్లారకముందే మొదలై రాత్రి పదింటిదాకా సాగే స్టడీ అవర్లు, వారం వారం ర్యాంకులు, ఆదివారం పరీక్షలు. ఎంసెట్, జేఈఈల కోసం రెండేళ్లు అలా గడిపినవాడికి 70 గంటల మాట కొత్తగా అనిపించదు. ఆ చదువులో గంటలకు ర్యాంకు అనే ప్రతిఫలం కనీసం కళ్లకు కనపడేది.

ఉద్యోగంలో ఆ ప్రతిఫలం పలచబడింది. పెద్ద ఐటీ సర్వీసుల కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ దశాబ్దానికి పైగా ఏడాదికి మూడు, నాలుగు లక్షల మధ్యే కదలాడుతోంది. ఈలోగా మాదాపూర్ హాస్టల్ అద్దె ఎక్కడికి పోయిందో అందులో ఉండేవాళ్లకు తెలుసు. లోపల ఎదగడం కంటే కంపెనీ మారడమే హైక్‌కు దగ్గరి దారి అయింది. 2022 జూన్ త్రైమాసికంలో ఇన్ఫోసిస్‌ను వదిలి వెళ్లేవారి శాతం 28.4కు చేరడం దానికి గుర్తు. ఆ దారీ తర్వాత ఇరుకైంది. 2025 జులైలో టీసీఎస్ సుమారు 12 వేల మందిని, ముఖ్యంగా మధ్య, పై స్థాయిల్లో, తొలగిస్తున్నట్టు ప్రకటించింది. ఇరవైల్లో కష్టపడితే నలభైల్లో నిశ్చింత అన్న పాత ఒప్పందంలో రెండో సగానికి ఇప్పుడు హామీ లేదు. యువత ప్రవర్తనలో వచ్చిన మార్పును తరం గుణంగా చూసేవాళ్లు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోవడం లేదు.

అమెరికాలోని తెలుగువాళ్లది ఇంకో రకం కట్టుబాటు. హెచ్-1బీ వీసా మీద ఉన్నవారి ఉద్యోగం పోతే కొత్త యజమానిని వెతుక్కోవడానికి దొరికేది 60 రోజులు. ఇల్లు, కారు, పిల్లల బడి అన్నీ ఆ గడువుకు వేలాడుతుంటే, శనివారం రాత్రి మేనేజరు పంపిన మెసేజ్‌కు సోమవారం జవాబిస్తానని అనగలిగేది ఎవరు? గ్రీన్‌కార్డు వచ్చిన పక్కసీటు సహోద్యోగి అనగలడు.

ఇక స్విగ్గీ, రాపిడో బండి మీద తిరిగే కుర్రవాడి సంగతి. 2020-21లో దేశంలో 77 లక్షలుగా ఉన్న గిగ్ కార్మికులు 2029-30 నాటికి 2.35 కోట్లవుతారని నీతి ఆయోగ్ అంచనా. వాళ్లకు బాస్ లేడు, ఎప్పుడు లాగిన్ కావాలో వాళ్లిష్టమే అంటారు. ఇన్సెంటివ్ అందాలంటే రాత్రి భోజనాల వేళ, వాన పడుతున్నప్పుడు, పండగ నాడు రోడ్డు మీద ఉండాలి. పైగా అక్కడ ఎక్కడానికి నిచ్చెనే లేదు. ఐదేళ్లు నడిపినవాడూ నిన్న చేరినవాడూ దాదాపు ఒకే రేటుకు నడుపుతారు. సమతూకం మీద సాగే చర్చల్లో తొంభై పాళ్లు ఏసీ గదుల ఉద్యోగుల గురించే కావడం వాటి పెద్ద లోపం.

బయటి ప్రయోగాలు

చైనాలో ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా, వారానికి ఆరు రోజులు పని చేసే ‘996’ పద్ధతిపై ప్రోగ్రామర్లు 2019లో ఆన్‌లైన్‌లో తిరగబడ్డారు. అది అదృష్టమని అలీబాబా వ్యవస్థాపకుడు జాక్ మా సమర్థించారు. 2021 ఆగస్టులో ఆ దేశ సుప్రీంకోర్టు అది చట్టవిరుద్ధమంది. దక్షిణ కొరియా 2018లో వారపు హద్దును 52 గంటలకు తగ్గించి, 2023లో 69 దాకా సడలించబోతే యువత మండిపడింది, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. డ్యూటీ దిగాక ఫోన్ ఎత్తకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017లో, ఆస్ట్రేలియా 2024 ఆగస్టులో చట్టబద్ధం చేశాయి. మన లోక్‌సభలో ఎంపీ సుప్రియా సూలే అలాంటి ప్రైవేటు బిల్లును మొదట 2018లో పెట్టారు, 2025 డిసెంబరులో మళ్లీ పెట్టారు.

నాలుగు రోజుల వారం మీద 2022లో బ్రిటన్‌లో 61 సంస్థలు, దాదాపు 2,900 మందితో ఆరు నెలల పరీక్ష జరిగింది. 56 సంస్థలు దాన్ని కొనసాగించాయి. ఉత్సాహపరిచే ఫలితమే గానీ, ఇష్టపడి చేరిన సంస్థలవి. క్లయింట్ గంటకు ఇంతని బిల్లు కట్టే హైదరాబాద్ సర్వీసుల కంపెనీకి దాన్ని అతికించడం తేలిక కాదు. గంటనే సరుకుగా అమ్మే వ్యాపారం గంటలు తగ్గించుకోవాలంటే ముందు ఒప్పందాలు రాసుకునే తీరు మారాలి.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఎక్కువ గంటల పక్షం నేర్చుకునే వయసును గుర్తించడంలో సరైనది, ఆ నేర్పు ఫలం ఎవరి చేతికి పోతుందో అడగకపోవడంలో గుడ్డిది. ఆరోగ్య, ఉత్పాదకత పక్షం చేతిలో గట్టి అంకెలున్నాయి. కానీ 55 గంటలు దాటితే నష్టమని చెప్పగలదు గానీ, దాటకపోతే పదోన్నతి పోతుందని భయపడేవాడికి దారి చూపలేదు. వ్యక్తిగత సమతూకం బోధించేవారు ఆ భయాన్నే చూడరు. పోటీ సిద్ధాంతం జబ్బును బాగా పట్టుకుంది. అది సూచించే మందు, అంటే అందరికీ ఒకేసారి వర్తించే హద్దు, చట్టమో సంఘమో ఉంటేనే పని చేస్తుంది. మన ఐటీలో మొదటిదానికి మినహాయింపులు, రెండోది నామమాత్రం. ఉన్నవాటిలో నాకు ఎక్కువ పాలు నిజం కనిపించేది ఈ చివరిదానిలోనే. 48 గంటల హద్దును ఏసీ గదుల్లోనూ నిజంగా అమలు చేస్తే యువత బద్ధకించదు, పోటీ గంటల మీద నుంచి పని మీదికి మళ్లుతుంది.

ఇంకా తేలనివి ఉన్నాయి. అదనపు గంటల్లో ఎంత భాగం నేర్పుగా మారుతుందో, ఎంత భాగం మెయిళ్లకు, స్టేటస్ కాల్స్‌కు పోతుందో మన దేశంలో వృత్తులవారీగా కొలిచిన అధ్యయనాలు అరుదు. ఏఐ పనిముట్లు వచ్చాక కొత్తవాళ్లు చేస్తూ నేర్చుకునే టెస్టింగ్, చిన్న చిన్న కోడింగ్ పనులే ముందు తగ్గుతున్నాయి. ఆ మొదటి మెట్టు పోతే, ఇరవైల్లో గంటలు పెడితే నేర్పు వస్తుందన్న వాదన ఏ పనిని ఆధారం చేసుకుంటుందో చూడాలి. పది గంటల షిఫ్టు, నాలుగున్నర రోజుల వారం కలిస్తే కొందరు తల్లులకు అదే మేలు కావచ్చు. గంటల సంఖ్య కంటే అవి ఎప్పుడన్నది తేల్చుకునే వీలు ముఖ్యమని వాళ్లు అంటే కాదనడానికి లేదు. కొత్త కోడ్‌ల కింద రాష్ట్రాలు రాసుకునే నిబంధనల్లో టీమ్ లీడ్‌ను కార్మికుడిగా చూస్తారా, మేనేజరుగా చూస్తారా అన్నది అన్నిటికంటే దగ్గర్లో ఉన్న ప్రశ్న. మొదటి ఓవర్‌టైమ్ కేసు కోర్టు మెట్లెక్కే రోజు దాకా దానికి జవాబు దొరికేలా లేదు.